పాత బండ్ల కరెంటు పని నేర్చుకుంటే

కాశీబుగ్గ నుంచి జీడిపప్పు డబ్బాలు మోసే వ్యాన్లు, కవిటి, సోంపేట తోటల నుంచి కొబ్బరికాయలు దించే బొలేరోలు, ఊళ్లకు జనాన్ని చేరవేసే ఆటోలు... శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పాత బండ్లకు కొదవ లేదు. అవి దారిలో ఆగిపోయాయంటే చాలాసార్లు ఇంజిన్ తప్పేమీ ఉండదు. కరెంటు అందకో, ఇంధనం అందకో ఆగుతాయి. ఆ రెంటినీ పసిగట్టగల ఆటో ఎలక్ట్రీషియన్‌కు పలాస, టెక్కలి మధ్య హైవే మీద పని దొరక్కపోవడం ఉండదు. పదో తరగతి పాసై, ఏం చేయాలో తేల్చుకోలేక వలస బండి ఎక్కబోతున్న పిల్లలు ఈ పనిని ఒకసారి గట్టిగా ఆలోచించాలి.

ఇక్కడి వాతావరణమే సగం పాఠం నేర్పుతుంది. వజ్రపుకొత్తూరు తీరంలో ఉప్పుగాలికి ఎర్త్ వైరు బోల్టు కింద తుప్పు చేరుతుంది. అప్పుడు సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, లైట్లు మసకబారుతాయి, పెట్రోలు పంపు మూలుగుతుంది. మూడూ మూడు రోగాల్లా కనిపిస్తాయి. బోల్టు విప్పి, గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే ఒక్కోసారి మూడూ పోతాయి.

పెట్రోలు కారు స్టార్ట్ కావడం లేదనుకోండి. ఇంజెక్షన్ రకమైతే తాళం తిప్పగానే వెనక సీటు కింద ట్యాంకులో పంపు రెండు సెకన్లపాటు సన్నగా మోగాలి. మోగకపోతే పంపు పోయిందని తేల్చేయకండి. ముందు ఫ్యూజు, తర్వాత రిలే, ఆ తర్వాత పంపు కనెక్టర్ చూడాలి. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే తుప్పు పట్టిన వైరు కూడా నిండు వోల్టేజీ చూపించి మోసం చేస్తుంది. అందుకే పంపు తగిలించి ఉండగానే, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే కొలవాలి. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 10.5 వోల్టులు, పంపు దగ్గర 8 ఉంటే మిగతా రెండున్నర దారిలో పోతున్నట్టే. అప్పుడు వేల రూపాయలు పోసి కొత్త పంపు వేసినా బండి కదలదు. పంపు దగ్గర కరెంటు నిండుగా ఉండీ అది తిరగకపోతేనే దాన్ని మార్చాలి. మోగుతున్నా బండి లాగకపోతే ఫిల్టరు, ప్రెజరు చూడాలి. ఎప్పుడూ రిజర్వులోనే తిప్పే బండికి పంపు త్వరగా పోతుంది, దాన్ని చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే మరి.

పాత డీజిల్ బండ్ల దారి వేరు. వాటిలో ఎక్కువగా ఫీడ్ పంపు, చేత్తో నొక్కే ప్రైమరు ఉంటాయి. పైపు జాయింటు వదులైతే ఎయిర్ పట్టి ఆగుతుంది. ఇంజిన్‌కు డీజిల్ వదిలే, ఆపే స్టాప్ సోలినాయిడ్ ఉన్న బండ్లలో తాళం తిప్పగానే అది టక్‌మనాలి. అనకపోతే ముందు దాని వైరు చూడండి.

ట్యాంకు పని చేసేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ ముందుగా తీయాలి, పైపులో ప్రెజరు వదలాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టే మేస్త్రి దగ్గర పని నేర్చుకోవద్దు. ఆ తీగ బండినే తగలబెట్టగలదు.

చదువు విషయానికొస్తే, ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఏడాది. పాలిసెట్ రాసి ఆటోమొబైల్ డిప్లొమాలో చేరితే మూడేళ్లు. ఐటీఐ తర్వాత ఆర్టీసీ అప్రెంటిస్‌షిప్ నోటిఫికేషన్లు గమనించండి, పలాసలో, టెక్కలిలో డిపోలున్నాయి. స్టైపెండ్ కొద్దిగానే ఉన్నా రోజూ బస్సుల మీద చేయి తిరుగుతుంది. సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే చాలదు, మీటరు పెట్టి చూసే మేస్త్రి దగ్గర కనీసం ఏడాది ఉండాలని నా గట్టి నమ్మకం. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన పోర్టు నడవడం మొదలైతే ఈ హైవే మీద లారీలు, వాటితో పాటు పనీ పెరుగుతాయి. ఎలక్ట్రిక్ బండ్లు వచ్చినా వోల్టేజీ ఎక్కడ పోతోందో వెతికే నేర్పు వృథా కాదు, వాటి హై వోల్టేజీ భాగాలకు మాత్రం విడిగా శిక్షణ తప్పనిసరి.

సొంత షెడ్డు పెట్టాలనుకుంటే ముద్రా పథకంలో శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు రుణానికి దరఖాస్తు చేయొచ్చు. ఆ డబ్బుతో ముందు మంచి మల్టీమీటరు, ఫ్యూయల్ ప్రెజర్ గేజి, బ్యాటరీ చార్జరు కొనండి. రంగులు, బోర్డు తర్వాత చూసుకోవచ్చు.