ఫ్రిస్కో పెరట్లో మామిడి

పెద్దముడియం,
ఆశ్వయుజ బహుళం.

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామ ఆశీస్సులు.

అమ్మీ, మీరు ఫ్రిస్కోలో ఇల్లు కొన్నారనీ, వెనక పెరట్లో బనగానపల్లె మామిడి పెట్టాల్సిందేనని అల్లుడు పట్టుబట్టి కూర్చున్నాడనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్లో చెబితే నువ్వు సగం వింటావు. ఆ సగంలో సగం అల్లుడి దాకా పోతుంది. అందుకే కాగితం పట్టినా. ఇద్దరూ కలిసి చదవండి. హ్యూస్టన్ పక్కన కేటీలో ఉన్నన్నాళ్లూ మీ అత్తా నేనూ చెట్లతోనే పొద్దు పుచ్చినాం కాబట్టి ఆ గడ్డ మీద ఏది బతుకుతుందో కొంత తెలుసు. మీ ఊరు డాలస్ పక్కన, హ్యూస్టన్‌కు ఉత్తరాన ఉంది. చలి మాకంటే మీకు ఎక్కువ. ఆ సంగతి మొదటే గుర్తు పెట్టుకో.

మామిడి ముచ్చట ముందు తేల్చేద్దాం. నేలలో వద్దు. చిన్న మామిడి మొక్క ఫారిన్‌హీట్ 29, 30 దగ్గరే ప్రాణం విడుస్తుంది. అంటే మన లెక్కలో సున్నాకు ఒకటి, ఒకటిన్నర డిగ్రీ కిందనే. బాగా ముదిరిన చెట్టయితే ఆకులూ చిన్న కొమ్మలూ మాడినా 25 వరకూ కొన్ని గంటలు ఓర్చుకుంటుంది. పూతకూ పిందెకూ ఆ ఓపిక కూడా లేదు, 40 కిందికి దిగిందంటే దెబ్బే. ఇప్పుడు 2021 చూడు. ఆ ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో సున్నా కంటే రెండు డిగ్రీలు కిందికి పడింది, అదీ ఫారిన్‌హీట్ సున్నా! సెల్సియస్‌లో చెబితే మైనస్ 19. 1949 తర్వాత అక్కడ అంత చలి పడలేదు. అదే రోజు హ్యూస్టన్‌లో 13. మాకు ఆ 13కే మన తెలుగువాళ్ల ఇళ్ల వెనక ఉన్న మామిళ్లు, సపోటాలు, నిమ్మలు వారం తిరక్కముందే కాలిన కాగితం రంగుకు తిరిగినాయి.

నర్సరీకి పోతే ‘జోన్’ అంటారు. అమెరికా వ్యవసాయ శాఖ 2023లో కొత్త పటం ఇచ్చింది. అందులో డాలస్ చుట్టుపక్కల చాలామటుకు 8బీ. అంటే ఏడాదిలో అన్నిటికంటే చలి రాత్రి సగటున 15కూ 20కీ మధ్య ఉంటుందని. పాత పటం కంటే అర మెట్టు వెచ్చబడిందని అమ్మేవాళ్లు సంబరంగా చెబుతారు. అయితే ఆ సగటు కట్టింది 1991 నుంచి 2020 దాకా ఉన్న లెక్కలతో. 2021 అందులో లేనే లేదు. ఉన్నా ముప్పై ఏళ్లలో ఒక్క ఏడాది కలిసిపోయి కనపడేది కాదు. చెట్టు చచ్చేదేమో ఒక్క రాత్రికి. 2021 అయిపోయింది కదా, ఇక రాదులే అనుకోవద్దు. 2022 డిసెంబరులో క్రిస్మస్ ముందర మళ్లీ వచ్చింది, 2024 జనవరిలో మళ్లీ వచ్చింది. అందుకే ఏ చెట్టు కొన్నా పటం చూసి కొనకు. ఆ రాత్రి వస్తే దీన్ని లోపలికి మోయగలనా, మోయలేకపోతే పైనంతా పోయినా వేరు నుంచి లేస్తుందా, ఈ రెండూ అడుక్కొని కొను. రెండింటికీ ‘లేదు’ అని వస్తే ఆ మొక్క పక్కింటివాళ్లకు వదిలెయ్.

మంచి కబురు కూడా ఒకటుంది. మీ నేల మన నేలే. డాలస్ కింద పరుచుకున్నది నల్లరేగడి, బ్లాక్‌లాండ్ ప్రైరీ అంటారు. ఒకప్పుడు అదంతా పత్తి సీమ. ఊళ్లు దాటి పోతే ఇప్పటికీ జొన్న కనిపిస్తుంది. టెక్సస్ వాళ్లు తమ రాష్ట్ర మట్టిగా పెట్టుకున్న ‘హ్యూస్టన్ బ్లాక్’ అనే రేగడి పేరుకే హ్యూస్టన్‌ది, ఉండేది మాత్రం మీ వైపే ఎక్కువ. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, వానొస్తే చెప్పు ఊడబీకే బురద, అన్నీ కుందూ ఏటి ఒడ్డున నువ్వు చిన్నప్పుడు చూసినవే. ఆ నేల కదలికకు గోడలు పగులుతాయని అక్కడ ఎండాకాలం ఇంటి పునాది చుట్టూ నీళ్లు పెడతారు. చెట్టుకు పోసే ముందు ఇంటికి నీళ్లు పోసే ఊరు నేను ఇంకెక్కడా చూడలేదు.

రేగడి తేమ పట్టిందంటే వదలదు. ఇప్పుడు మన ఊరి చుట్టూ శనగ వేస్తున్నారు. ఆ పంటకు ఈ గుణమే పెట్టుబడి, నేలలో నిలిచిన తేమా పైన పడే మంచూ దాన్ని గట్టెక్కిస్తాయి. పండ్లచెట్టుకు అదే చేటు. గుంత తవ్వి నాటితే చలికాలమంతా నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. అందుకని పాదు కింద అడుగు, అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటు. ఆ మట్టిలో సున్నం ఎక్కువ కాబట్టి నిమ్మ, చీనీ జాతులకు ఇనుము అందదు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరిగితే అదే జబ్బు. ఇనుము చీలేటు అని అమ్ముతారు, సున్నపు నేలకు పనికొచ్చే రకం అడిగి తీసుకో. పులివెందుల చీనీ తోటలవాళ్లకు ఈ పసుపు కొత్తేమీ కాదు.

ఎక్కడ నాటాలంటే ఇంటికి దక్షిణం పక్క, ఇటుక గోడను ఆనుకొని. మీకు చలిగాలి ఉత్తరం నుంచి వస్తుంది, ఇల్లే దానికి అడ్డం. పగలు ఎండకు కాగిన గోడ రాత్రి కొంత వేడి వదులుతుంది. రెండు మూడు డిగ్రీల తేడాతోనే చెట్టు దక్కడం, దక్కకపోవడం.

ఇక వేరు సంగతి. అంటుమొక్క అంటే పైన ఒక చెట్టు, కింద ఇంకొకటి. చలికి అంటు పైభాగమంతా చచ్చి మొదట్లోంచి చిగురొస్తే అది నువ్వు కొన్న పండు కాదు, అంటు కట్టడానికి కింద వాడిన మొక్క. టెక్సస్‌లో దొరికే నిమ్మ జాతి అంటుల్లో చాలావాటి కింద ముళ్ల నారింజ ఉంటుంది, మూడాకుల చిగురు చూస్తే తెలిసిపోతుంది. అదే కొమ్మ నాటి పెంచినదో, గాలి అంటు కట్టి తీసినదో అయితే వేరూ కొమ్మా ఒకటే. నేల దాకా పోయినా అదే పండుతో తిరిగొస్తుంది. కేటీలో మా జామ అలాంటిదే. 2021లో మొదలంటా ఎండింది, ఏప్రిల్ చివర్లో కింది నుంచి పిలకలు పెట్టింది, ఆ తర్వాతి ఏడాది కాయలిచ్చింది. మామిడి మాత్రం లేవలేదు. మీ ఫ్రిస్కోలో జామ వేరు కూడా నిలుస్తుందని నేను హామీ ఇవ్వను. తొట్టిలోనే పెట్టుకో.

నేలలో ధైర్యంగా పెట్టుకోదగినవి నీకు మూడు చెబుతా. దానిమ్మ, అంజూర, రేగు. దానిమ్మలో మన అనంతపురం వైపు పండించే భగువ కోసం వెతకొద్దు, సలవత్‌స్కీ లాంటి రకాలు చలికి గట్టివి. అంజూర పైన చచ్చినా వేరు నుంచి లేస్తుంది, కొన్ని రకాలు ఆ ఏడాది కొత్త కొమ్మకే కాస్తాయి. రేగు అంటే మన గనిమల మీది రేగు కాదు, అది చలికి ఆగదు. చైనా రేగు, అక్కడ జుజుబి అంటారు. లీ, లాంగ్ అని రకాలు. సున్నా కంటే ఇరవై కిందికి పోయినా చలించదు, మన రేగడిలో బాగా పెరుగుతుంది, రోగాలు తక్కువ. కాయలు ఆగస్టు, సెప్టెంబరుల్లో పండుతాయి కాబట్టి సంక్రాంతికి తాజావి ఉండవు. ఎండబెట్టి దాచుకుంటే పాపకు భోగిపళ్లు పోయడానికి సరిపోతాయి. ఈ మూడూ పెట్టుకుంటే నీకు చలికాలం దుప్పట్ల పని లేదు. నన్నడిగితే ఇంతటితో ఆపేసినా నష్టం లేదు, కానీ అల్లుడు ఊరుకోడుగా.

అరటి గురించి నువ్వు అడగకపోయినా చెబుతా, ఎందుకంటే అందరూ పెడతారు. అరటి 28 దగ్గర నేల వరకూ చస్తుంది, దుంప బతికి మళ్లీ పిలక వేస్తుంది. గెల మాత్రం చూడవు. గెల తయారవడానికి ఏడాది అటూఇటూ పడుతుంది, మీ చలి ప్రతి ఏటా బోదెను నరికి లెక్క మొదటికి తెస్తుంది. గెల కోసమని పెట్టొద్దు, ఆకు కోసమని పెట్టుకో. వినాయక చవితికి ఆకులు నిండుగా ఉంటాయి. దసరా దాకా ఊళ్లో తెలుగువాళ్లందరూ నీ ఇంటికే వస్తారు. చలి ముందర బోదెను మూడడుగుల దగ్గర కోసి, పైన ఎండు గడ్డి, ఆకులు గుట్టగా పోసి వదిలెయ్. మునక్కీ అదే పద్ధతి.

తొట్టి మామిడి పెట్టుకోవచ్చు, దానికి నేను అడ్డం చెప్పను. బనగానపల్లె పెద్ద చెట్టు, తొట్టిలో ఒదగదు. పికరింగ్, కాగ్‌షాల్ అని పొట్టి రకాలున్నాయి. పాతిక, ముప్పై గాలన్ల తొట్టి, కింద చక్రాల పలక. రాత్రి 40 లోపలికి పోతుందంటే గరాజులోకి తోసెయ్, పగలు వెచ్చబడితే బయటికి లాగు. మొదటి చలిగాలికే భయపడి నవంబరు నుంచి లోపల దాచేయొద్దు. మామిడి పూతకు రావాలంటే 50, 60 మధ్య చల్లని రాత్రులు కొన్ని వారాలు తగలాలి. బనగానపల్లె పండే తినాలనుంటే ఇండియా నుంచి వచ్చే పెట్టెలు కొనమను. 2007 నుంచి రేడియేషన్ పట్టించి పంపుతున్నారు కదా. ధర చూసి అల్లుడు ఏమంటాడో నాకు రాయి.

కరివేపాకు తొట్టిలోనే. చలికాలం లోపల పెడితే ఆకు రాలుస్తుంది, కంగారుపడి నీళ్లు గుమ్మరించకు. ఇక్కడి నుంచి సూట్‌కేసులో కొమ్మ తెచ్చుకోవాలనే బుద్ధి మాత్రం పుట్టకూడదు. అది నిషేధం, కారణమూ ఉంది. నిమ్మ తోటలను నాశనం చేసే ఆకుపచ్చ తెగులును మోసే చిన్న పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. ఆ తెగులు టెక్సస్‌లో 2012 జనవరిలో బయటపడింది. వేరే రాష్ట్రంలోని స్నేహితురాలు పోస్టులో పంపుతానన్నా వద్దను, మీ ఊళ్లో నర్సరీలోనే కొనుక్కో.

ఎరువు విషయంలో చేయి వెనక్కి లాగు. ఆగస్టు దాటినాక నత్రజని వేయొద్దు, కొమ్మలు కత్తిరించొద్దు. లేత చిగురు మీద చలి పడితే ముందు అదే పోతుంది. ఫ్లోరిడాలో 1894 డిసెంబరు చివర్లో పెద్ద చలి వచ్చి నారింజ కాయంతా పోయింది. చెట్లు మాత్రం చాలావరకు నిలిచినాయి. జనవరి వెచ్చగా ఉండటంతో రసం పైకెక్కి కొత్త చిగుళ్లు వేసినాయి. 1895 ఫిబ్రవరిలో రెండోసారి చలి వచ్చింది. బెరడు చీలి తోటలకు తోటలే మొదళ్లంటా చచ్చినాయి. రెండు రాత్రుల మధ్య తేడా చలిలో కంటే చెట్టు నిద్రలో ఎక్కువ ఉంది. మీ టెక్సస్ ఫిబ్రవరులు కూడా అలాంటివే, నాలుగు రోజులు చొక్కాతో తిరిగి ఐదో రోజు దుప్పటి కప్పుకోవాలి.

చలి వస్తోందని రేడియోలో చెప్పిన రోజు చేయాల్సినవి రాస్తా. ముందు గాలి ఉందో లేదో కనుక్కో. గాలి లేకుండా ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల వేడి పైకి పోతుంది. మన శనగ చేలల్లో తెల్లారి మంచుకు పంచె తడిసి కాళ్లు చిమచిమలాడేది అలాంటి రాత్రుల తర్వాతే. అప్పుడు కప్పు పనిచేస్తుంది. దుప్పటి చెట్టు మీంచి నేల దాకా దిగాలి, అంచుల మీద రాళ్లు పెట్టాలి. కాండానికి మూటలా కట్టేస్తే నేల వేడి లోపలికి రాదు. పగలే పాదు తడిపి పెట్టు, తడి నేల ఎక్కువ వేడి దాచుకుంటుంది. దుప్పటి లోపల పాత రకం తీగ బల్బుల మాల వేస్తే కొంత వెచ్చదనం వస్తుంది, ఎల్‌ఈడీలతో వెలుగు తప్ప ఏమీ రాదు. మొదలు చుట్టూ అంటు పైదాకా మట్టి ఎగదోసి పెడితే పైన ఏమైనా అంటు దక్కుతుంది, చలి పోయినాక తీసెయ్. ఉత్తరపు గాలి ఉధృతంగా వీచే రోజున మాత్రం వీటన్నిటికీ సగం బలమే.

2021లో కరెంటే పోయింది. లక్షల ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అందుకని కరెంటు మీద ఆధారపడిన ఏర్పాటు ఒక్కటే చాలనుకోకు. ఇంకో మాట. అప్పుడు వెచ్చదనం కోసం గరాజులో కారు నడిపి, ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టి, విషవాయువుతో మనుషులు చనిపోయినారు. చెట్ల కోసం గరాజులో గ్యాసు హీటరు గానీ జనరేటరు గానీ పెడతానంటే అల్లుడి చెయ్యి పట్టుకొని ఆపు. చెట్టు పోతే పోనీ.

చలి తర్వాత కత్తెర పట్టొద్దు. మాడిన ఆకు రాలిపోతే కొమ్మ బతికుందని, రాలకుండా కొమ్మకే అంటుకొని ఎండితే కొమ్మ పోయిందని పెద్ద గుర్తు. గోటితో బెరడు గీసి చూడు, కింద పచ్చగా ఉంటే వదిలెయ్. ఏప్రిల్, మే దాకా ఆగి చచ్చింది ఎంతవరకో తేలినాకనే కొయ్యి. ఆకు పోయి ఎండ తగిలే కాండానికి పల్చటి తెల్లరంగు పూస్తే పగలదు.

ఈ నెలలో ఏమీ నాటొద్దు. దిబ్బలు పోసి మట్టిని చలికాలం ఆరనివ్వు. మార్చి సగం దాటినాక దానిమ్మ, అంజూర, రేగు పెట్టు. పెరట్లో ఏ పక్క ఎండ ఎన్ని గంటలుంటుందో, వాననీళ్లు ఎటు పారుతున్నాయో చూసి ఫొటోలు పంపితే ఎక్కడేది పెట్టాలో చెబుతా. అల్లుడికి, పాపకు నా దీవెనలు. మీ అత్త నిన్ను అడిగినట్టు రాయమంది.

ఇట్లు,
మీ మామ