ఆ దడ ఎవరికి?

1. గుండె దడదడలాడి, ఛాతీ పట్టేసి, చెమటలు పోస్తే ముందు చేయాల్సింది ఈసీజీ, ఆత్మవిచారం కాదు. వేదాంతం చదువుకున్నవాణ్ని నేనే చెబుతున్నాను. డాక్టరు చూసి ‘గుండె బాగానే ఉంది, ఇది పానిక్ అటాక్’ అన్నాకే మిగతావి.

2. ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే సగం బెదురు పోతుంది. అడ్రినలిన్ పొంగుతుంది. గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. ఆ ఉధృతి మామూలుగా పది నిమిషాల లోపే పతాకస్థాయికి చేరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది.

3. 1896లో మదురైలో, పినతండ్రి ఇంటి మేడగదిలో, పదహారేళ్ల వెంకట్రామన్‌కు ఉన్నట్టుండి చావుభయం పట్టుకుంది. జబ్బేమీ లేదు. ఎవరినీ పిలవలేదు. శవంలా బిగుసుకుని పడుకుని, పోయేది ఏది, ఈ ఒళ్లు పోతే నేనూ పోతానా అని లోపలికి చూశాడు. ఆ కుర్రవాడే తర్వాత రమణ మహర్షి అయ్యాడు; ఆ పేరు పెట్టింది మన కావ్యకంఠ గణపతి ముని. దాన్నీ పానిక్ అటాక్ అనేసేవాళ్లున్నారు. నాకది నచ్చదు. ఆయనకు దక్కింది మనకూ దక్కుతుందని ఆశపడటమూ నచ్చదు. మనకు పనికొచ్చేది ఒక్కటే: భయం వచ్చినప్పుడు ఆయన దానికి వీపు చూపలేదు.

4. వీపు చూపకపోవడమంటే ఆలోచనతో వాదనకు దిగడం కాదు. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి ఫోన్ ఎత్తడు. ‘యాక్సిడెంట్ అయిందేమో’ అంటుంది మనసు. ‘ఏమీ అయ్యుండదులే’ అంటే ‘అయ్యుంటే?’ అని మళ్లీ తగులుకుంటుంది. ఆ జవాబుల్లో మనసుదే ఎప్పుడూ పైచేయి. భక్తుడు శివప్రకాశం పిళ్లై ప్రశ్నలకు జవాబుగా పుట్టిన ‘నేనెవరు?’ అనే చిన్న పుస్తకంలో మహర్షి చెప్పిన దారి వేరు, అదే ఆత్మవిచారం. ఈ ఆలోచన ఎవరికి వచ్చింది? నాకు. ఆ నేను ఎవరు? జవాబు తయారుచేసుకోనక్కర్లేదు, జపం చేయనక్కర్లేదు. చూపు అబ్బాయి మీంచి, యాక్సిడెంట్ మీంచి మళ్లి, కంగారు పడుతున్నట్టు తెలుస్తున్న చోటికి వస్తే చాలు. అక్కడ కాసేపు ఉండండి. మళ్లీ జారుతుంది, మళ్లీ అడగండి. ఫోన్ మాత్రం ఇంకోసారి చేయండి, తప్పేం లేదు.

5. ఇలా అడగడం దడ మొదలయ్యాక నేర్చుకుందామంటే కుదరదు. గ్యాస్ కట్టేశానా, కరెంటు బిల్లు కట్టానా లాంటి చిల్లర బెంగల మీద అలవాటు చేసుకోండి. ఉధృతిలో ఉన్నప్పుడు పాదాలు నేలకు ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదిలితే చాలు.

6. ఈ ఆత్మవిచారం అందరికీ పడదు. పానిక్ వచ్చినప్పుడు కొందరికి తాము తాము కానట్టు, చుట్టూ ఉన్నదంతా కలలా ఉన్నట్టు అనిపిస్తుంది. వాళ్లను ‘నేనెవరు’ అని అడగమంటే బెదురు ఇంకా పెరగొచ్చు. వాళ్లు గదిలో వస్తువుల పేర్లు పైకి చెప్పుకోవడం, పక్కవాళ్లతో మాట్లాడటం మేలు. మందులు వాడుతున్నవాళ్లు ఆత్మవిచారం మొదలుపెట్టామని వాటిని ఆపేయకండి. తట్టుకోలేననిపిస్తే అర్ధరాత్రయినా 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.