మూతపడ్డ సైట్‌ని మళ్లీ తెరుద్దామా?

మీరు ఒకప్పుడు నడిపిన డిజైన్ కమ్యూనిటీ సైట్ ఆగిపోయి ఏళ్లయింది. నిన్న పాత మెంబర్ ఒకరు మెసేజ్ పెట్టారు: "అన్నా, మళ్లీ మొదలెడదామా?" అంతే! మీరప్పుడే డొమైన్ రేటు వెతికేస్తున్నారు, కొత్త లోగో స్కెచ్ కూడా గీసేశారు.

ఆగండి. కార్డు జేబులో పెట్టండి. ఉత్సాహం మంచిదే, కానీ నిర్ణయానికి అదొక్కటే చాలదు.

అమెరికాలో డ్రీమ్‌లెస్ అని డిజైనర్ల సైట్ ఒకటి ఉండేది. డిజైనర్ జాషువా డేవిస్ నడిపేవారు. అక్కడే పరిచయమైన జేక్ నికెల్, జేకబ్ డీహార్ట్ 2000లో వెయ్యి డాలర్లతో థ్రెడ్‌లెస్ మొదలుపెట్టారు. ఎవరైనా టీషర్ట్ డిజైన్ పంపేవాళ్లు, జనం ఓట్లేసేవాళ్లు, గెలిచింది ప్రింటయ్యేది. తర్వాత డ్రీమ్‌లెస్ మూతపడింది. థ్రెడ్‌లెస్ మాత్రం నిలదొక్కుకుంది. సైట్ పోయినా అక్కడ కలిసినవాళ్ల పని బతికింది. కాబట్టి పాత సైట్ పేరు మీద బెంగ వదిలేయండి. అక్కడ మీవాళ్లకున్న అలవాట్లలో ఏది కావాలో తేల్చుకోండి.

మొదటి ప్రశ్న: జనం మీ దగ్గరికి ఎందుకొచ్చేవాళ్లు? నిజాయితీగా రాయండి.

పోర్ట్‌ఫోలియో చూపించుకోవడానికా? ఐతే వదిలేయండి. 2005 నుంచి బిహాన్స్ ఉంది, 2009 నుంచి డ్రిబుల్ ఉంది. వాటితో పోటీ మీకెందుకు?

మొహమాటం లేని ఫీడ్‌బ్యాక్ కోసమా? అప్పుడు విషయం వేరు. "పై లైన్‌లో ఒత్తు కింది లైన్‌లో గుడికి తగులుతోంది, లైన్ స్పేసింగ్ పెంచు" అని తెలుగు పోస్టర్ చూసి చెప్పేవాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో ఎంతమంది దొరుకుతారు? అక్కడ "సూపర్ బ్రో" దగ్గరే మాట ఆగిపోతుంది. ఈ లోటు మీరు తీర్చగలరు.

రెండో ప్రశ్న: రోజువారీ చాకిరీ ఎవరిది? సర్వర్ బిల్లు చిన్న సంగతి. స్పామ్ ఏరాలి. కొత్తగా వచ్చినవాళ్ల మొదటి పోస్ట్‌కి జవాబివ్వాలి. రాత్రి పదకొండింటికి ఇద్దరు సీనియర్లు ఫాంట్ గురించి కొట్టుకుంటే విడదీయాలి. మీతో పాటు ఇంకో ఇద్దరు ముందుకొచ్చి బాధ్యత తీసుకోకపోతే మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు టెస్ట్. 30 రోజులు, రూపాయి ఖర్చు లేకుండా:

- పదిమంది పాత మెంబర్లతో వాట్సాప్ గ్రూప్ పెట్టండి.
- వారానికి ఒక్కొక్కరూ సగం చేసిన డిజైన్ ఒకటి పెట్టాలి, ఇంకో ఇద్దరి పనికి సలహా ఇవ్వాలి.
- మూడో వారం నుంచి మీరు గుర్తుచేయడం ఆపేయండి. ఇదే అసలు పరీక్ష.

మీరు అడక్కుండానే పని వస్తోందా? డొమైన్ కొనండి. గుడ్ మార్నింగ్ బొమ్మలే వస్తున్నాయా? హాయిగా వదిలేయండి, డబ్బు మిగిలింది.

అన్నట్టు, పాత బ్యాకప్ దొరికిందని అందరి పోస్టులూ ఎత్తి కొత్త సైట్‌లో పెట్టేయకండి. ఎవరి పని వాళ్లది, అడిగి పెట్టండి.

ఆ పదిమంది పేర్లు ఇవాళే రాయండి. ఆదివారం లోపు మొదటి మెసేజ్ వెళ్లిపోవాలి.