గేటు సిల్వరూ, మిగ్ మెరుపూ

ప్రశ్న: 1/48 స్కేలు మిగ్-21 కట్టాను. మన వాయుసేన తొలినాటి మిగ్‌లలా రంగులేని లోహపు ఒళ్లు రావాలని ఎయిర్‌బ్రష్‌తో సిల్వర్ కొట్టాను. ఇంటి గేటుకి వేసినట్టుంది. తప్పు ఎక్కడ?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: 2025 సెప్టెంబరులో చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పినప్పటి నుంచి నాకొచ్చే ఉత్తరాల్లో సగం దాని గురించే! మీరు ఏ సిల్వర్ వాడారో రాయలేదు. మామూలు సిల్వర్‌లో అల్యూమినియం రేణువులు ముతక. మీ మోడల్ మీద కంటికి ఆనే ఒక్క రేణువు అసలు విమానం మీదైతే 48 రెట్లు ఉన్నట్టు లెక్క. గేటుకి అది చెల్లుతుంది, మిగ్‌కి చెల్లదు.

అల్‌క్లాడ్ లాంటి లాకర్లలో రేణువు చాలా సన్నం, పొర పల్చన. అందుకే అడుగున ఉన్న ప్రతి గీతా పైకి తేలుతుంది. అసలు పని అడుగునే. అతుకుల దగ్గర లప్పం పెట్టి, 2000 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి ఇంకా సన్నవాటితో తడిపి రుద్దండి. దాని మీద నిగనిగలాడే నల్ల రంగు. అది ఆరాక మోడల్‌ని ట్యూబ్‌లైటు కింద పట్టుకోండి. రెక్క మీద లైటు గీత తిన్నగా కనిపిస్తే సరే. గరుకుగా, తెగి తెగి కనిపిస్తే మళ్లీ రుద్దాల్సిందే. పైన ఎంత ఖరీదైన లోహపు రంగు కొట్టినా ఆ గరుకు దాగదు. నల్ల రంగు ఎనామెల్ అయితే ఆరడానికి రోజులు పడుతుంది, తొందరపడకండి. ఒకసారి నేను తొందరపడ్డాను. నా బొటనవేలి ముద్ర ఇప్పటికీ బీరువాలో ఒక రెక్క మీద మెరుస్తోంది.

ఇక లోహపు రంగు: సీసాలో ఎలా ఉందో అలాగే కొట్టండి, థిన్నర్ కలపొద్దు. ప్రెషర్ 12-15 పీఎస్ఐ చాలు. దగ్గరగా పట్టుకుని, పొగ తగిలినట్టు పల్చగా నాలుగైదు సార్లు. ఒకేసారి తడిసేలా కొట్టారో, మళ్లీ గేటే.

ఒంటినంతా ఒకే వన్నెలో వదిలేయకండి. కొన్ని ప్యానెళ్లకి టేపు కట్టి కాస్త ముదురు అల్యూమినియం కొట్టండి. మంట వెళ్లే తోక గొట్టానికి మాడిన ఇనుము వన్నె. ముక్కు శంఖువు, నిలువు తోక కొస లోహం కావు. వాటికి మెరుపు పూస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు.

ప్రశ్న: అమెరికన్ పీ-51డీ మస్టాంగ్‌కి ముక్కు నుంచి తోక దాకా అద్దంలా మెరుపు తెప్పించాను. బాగుంది అంటారా?
— ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: చేతిపని బాగుంది, విమానమే తప్పు. మస్టాంగ్ రెక్క మీద గాలి నున్నగా జారాలని ఫ్యాక్టరీలోనే రివెట్లు, అతుకులు కనపడకుండా లప్పం నింపి, సిల్వర్ లాకర్ వేసేవారు. యుద్ధకాలంలో మెరిసే లోహం ఉన్నది ఒంటికే, రెక్కకి కాదు. రడ్డర్ అయితే గుడ్డతో కప్పింది, దానికీ పూసిన సిల్వరే. మీరు చూసింది ఇప్పటి ప్రదర్శనల్లో ఎగిరే పాలిష్ మస్టాంగ్ అయి ఉంటుంది. రెక్క మీద ప్యానెల్ గీతలు చాలావరకు నింపేసి, మందకొడి సిల్వర్ కొట్టండి. ఒళ్లు అలాగే ఉంచండి. ఆ తేడాతోనే మోడల్ నిజమనిపిస్తుంది.

ప్రశ్న: టేపు తీస్తే మెరుపు ఊడొస్తోంది. పైన వార్నిష్ వేయమంటారా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు. క్రోమ్ లాంటి వన్నెల మీద వార్నిష్ పడితే మెరుపు చస్తుంది. టేపుని ముందు అరచేతికి రెండు మూడు సార్లు అంటించి జిగురు తగ్గించండి. తీసేటప్పుడు పైకి లాగక, దాని మీదికే వెనక్కి మడిచి మెల్లగా తీయండి.

ముసురు రోజుల్లో లాకర్ జోలికి పోకండి. గాల్లో తేమకి పొర పాలలా తెల్లబారుతుంది. కంప్రెసర్‌కి తేమ పట్టే గిన్నె లేకపోతే ముందు అది కొనండి. ఏ రోజు కొట్టినా కిటికీ తెరిచి, రసాయన ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకోండి. మూతికి కట్టుకున్న చేతిరుమాలు లాకర్ ఆవిరిని ఆపదు.