‘జారిపడ్డ’ అని రాసే ముందు

పీహెచ్‌సీలో మనం ఏఎన్‌ఎం అయినా, స్టాఫ్ నర్స్ అయినా, ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషి చాలాసార్లు పోలీస్ స్టేషన్ కంటే ముందు మన దగ్గరికే వస్తుంది. అదీ దెబ్బలని చెప్పి రాదు. తలనొప్పి, నడుంనొప్పి, నిద్ర పట్టడం లేదంటుంది. గోలీలిచ్చి పంపితే మళ్లీ వస్తుంది.

ఒక కేసు అనుకుందాం. జడ్చర్ల దగ్గరి ఊరి నుంచి ఏడో నెల గర్భిణి చెకప్‌కు వచ్చింది. బీపీ చూడబోతే జబ్బ మీద వేళ్ల అచ్చులు కమిలి ఉన్నాయి. పక్కనే అత్త. ‘‘ఏమైంది?’’ అంటే ‘‘జారిపడ్డ’’ అంటుంది. అత్త ముందు అడగడమే మొదటి తప్పు. కడుపు చూడాలని లోపలికి తీసుకెళ్లి, ‘‘ఇంట్ల ఎవరన్న కొట్టిండ్రా అమ్మా?’’ అని సూటిగా అడగండి. హింస, వేధింపు లాంటి పెద్ద మాటలు పనిచేయవు. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనని తెలంగాణలో 83.8 శాతం మహిళలు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5లో చెప్పారు. తనపై జరిగింది హింస అని ఆమే అనుకోకపోవచ్చు.

కడుపుపై దెబ్బ తగిలినా, బ్లీడింగ్ ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే డాక్టర్‌కు చూపించి జనరల్ ఆస్పత్రికి రెఫర్ చేయించండి. మిగతాది తర్వాత.

రెండో తప్పు రికార్డులో జరుగుతుంది. ఓపీ రద్దీలో ‘జారిపడింది’ అని రాసేస్తాం. రేపు కోర్టులో అదే ఆమెకు అడ్డం తిరుగుతుంది. ‘భర్త కొట్టాడని చెప్పింది’ అని ఆమె మాటనే రాయండి. గాయం ఎక్కడ, ఎంత, ఏ రంగులో ఉందో రాయండి. ఇదంతా ఆస్పత్రి కేస్ షీట్‌లోనే. ఇంటికి వెళ్లే ఎంసీపీ (తల్లీబిడ్డల రక్షణ) కార్డు మీద ఒక్క ముక్క రాయొద్దు, దాన్ని ఇంట్లోవాళ్లు చూస్తారు.

గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన రూల్స్‌లో 17వది చూడండి. ఫిర్యాదు లేదని వైద్యం నిరాకరించకూడదు. ఘటన రిపోర్టు అప్పటికే లేకపోతే ఆస్పత్రి ఇన్‌చార్జే ఫారం-1 నింపి ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు పంపాలి. వైద్య పరీక్ష రిపోర్టు కాపీ ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) సంగతి మెడికల్ ఆఫీసర్ చూస్తారు, మీరు దాచకుండా చెప్పండి.

భర్తను పిలిచి సర్దిచెప్పడం, పెద్దమనుషుల చెవిన వేయడం మన పని కాదు. ఆ రాత్రి దెబ్బలు రెట్టింపవుతాయి. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబర్ కాగితం మీద ఇవ్వకుండా నోటికి వచ్చేలా చెప్పండి. జిల్లా సఖి కేంద్రంలో కౌన్సెలింగ్, న్యాయ సలహా, కొద్ది రోజుల వసతి దొరుకుతాయని చెప్పండి. వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వద్దంటే కోప్పడకండి, వచ్చే చెకప్ తేదీ ఖాయం చేసి పంపండి.

టార్గెట్లు, రిపోర్టులు ఎలాగూ తప్పవు. ఈ కేసుకు పట్టేది పది నిమిషాలు. రెండేళ్ల తర్వాత సమన్లు వస్తే ఆమెనూ, మిమ్మల్నీ కాపాడేది ఆ పది నిమిషాల్లో రాసిన కేస్ షీటే.