కలమళ్ళ పొగకు ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున కాపలా

కడప నుంచి గుంతకల్లు వైపు రైల్లో వెళ్ళినవాళ్ళు ఎర్రగుంట్ల దాటాక ఎత్తైన పొగగొట్టాలను చూసే ఉంటారు. అదే కలమళ్ళ దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం. (కలమళ్ళ పేరు వినగానే చరిత్ర మాస్టారు శాసనం సంగతి ఎత్తుకుంటారు. తెలుగులో దొరికిన శాసనాల్లో చాలా పాతదని చెప్పేది ఈ ఊళ్ళోదే మరి! ఇవాళ మన పాఠం మాత్రం వేరు.) ఈ కేంద్రంలో మొదటి యూనిట్ 1994లో పని మొదలుపెట్టింది. తర్వాత ఒక్కొక్కటే చేరి మొత్తం సామర్థ్యం 1650 మెగావాట్లయింది. చుట్టూ సున్నపురాయి నేల కనుక సిమెంటు ఫ్యాక్టరీలూ అక్కడే వెలిశాయి.

బొగ్గు బాయిలరులోనూ, సిమెంటు బట్టీలోనూ, లారీ ఇంజనులోనూ జరిగే పని ఒకటుంది. మనం పీల్చే గాలిలో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు నత్రజనే గదా. అది మహా సోమరి వాయువు. మామూలు వేడికి దేనితోనూ కలవదు. కానీ మంట 1500 డిగ్రీలు దాటిందంటే దాని సోమరితనం వదులుతుంది. ప్రాణవాయువుతో కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. బొగ్గులో దాగి ఉన్న నత్రజని కూడా దీనికి తోడవుతుంది. గొట్టం దాటి బయటికి వచ్చాక గాలిలోని ఓజోన్ దాన్ని నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఇది ఊపిరితిత్తులకు చెడుపు చేస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు మరీ. ఘనపు మీటరు గాలిలో దీని సంవత్సరపు సగటు 40 మైక్రోగ్రాములు దాటరాదని మన దేశంలో నియమం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 10 దాటకుంటే మేలంది.

సరే, మీ ఊరి గాలిలో ఎంత ఉందో తెలిసేదెలా? గాలిని కొలిచే యంత్రాలు ఎక్కువగా పట్టణాల్లోనే ఉంటాయి. ముద్దనూరు పక్క పల్లెలో కూర్చుని "మా గాలి సంగతేమిటి?" అని అడిగితే, జవాబు కొంత ఆకాశం నుంచి వస్తుంది.

యూరపు దేశాలు 2017 అక్టోబరు 13న సెంటినెల్-5పి అనే ఉపగ్రహాన్ని పంపాయి. 824 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఈ ఉపగ్రహంలో ట్రోపోమి అనే పరికరం ఉంది. అది ఒక్క చూపులో 2600 కిలోమీటర్ల వెడల్పు నేలను చూస్తుంది. మన మీదుగా వచ్చే వేళ మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతం. నేలను గళ్ళుగళ్ళుగా విడగొట్టుకుంటుంది. ఒక్కో గడి సుమారు 5.5 కిలోమీటర్లు, 3.5 కిలోమీటర్లు. 2004లో వెళ్ళిన ఆరా ఉపగ్రహంలోని ఓమి పరికరానికి అతి చిన్న గడే 13 కిలోమీటర్లు, 24 కిలోమీటర్లు. దాని లెక్కలో ఎర్రగుంట్లా ప్రొద్దుటూరూ ఒకే గడిలో పడిపోవచ్చు!

అంత ఎత్తు నుంచి వాయువును గుర్తుపట్టడం ఎలా? వెలుగును బట్టి. ఈ విద్య మన నేలకు కొత్తదేం కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో కూర్చుని సూర్యుడి వెలుగును విడగొట్టి చూశాడు. ఆనాటి గ్రహణ పరిశీలనల దారిలోనే హీలియం బయటపడింది. ఇక్కడా అంతే. నైట్రోజన్ డయాక్సైడ్ సీసాలో పడితే ఎర్రగోధుమ రంగులో కనిపిస్తుంది. ఎందుకంటే అది తెల్లని వెలుగులోంచి ఊదా, నీలి రంగులను మింగుతుంది. ఆ మింగడం కూడా ఒకే తీరున ఉండదు. ఒక చోట ఎక్కువ, పక్కనే తక్కువ, మళ్ళీ ఎక్కువ, దువ్వెన పళ్ళలాగా. ఆ పళ్ళ వరుస దానికే సొంతం. సూర్యుడి వెలుగు గాలిలోంచి దిగి, నేలను తాకి, మళ్ళీ గాలిలోంచి పైకి పోతుంది. దాంట్లో ఆ పళ్ళు ఎంత లోతుగా పడ్డాయో ట్రోపోమి చూస్తుంది. రోజుకొకసారి నేరుగా సూర్యుణ్ణే చూసి, ఆ వెలుగుతో దీన్ని పోల్చుకుంటుంది. పై స్ట్రాటో ఆవరణంలోనూ ఈ వాయువు కొంత ఉంటుంది. దాన్ని లెక్కగట్టి తీసివేయాలి.

ఇప్పుడొక ప్రయోగం చేద్దాం. మూతీ అడుగూ ఒకే వెడల్పున్న గాజు గ్లాసులో పాలు పోయని పలచటి టీ నీళ్ళు సగం పోసి, తెల్ల కాగితం మీద పెట్టండి. పై నుంచి చూడండి. తర్వాత పక్క నుంచి చూడండి. ఇప్పుడు నెమ్మదిగా మంచినీళ్ళు పోసి గ్లాసు నింపి, కలిపి, మళ్ళీ చూడండి. పక్క నుంచి రంగు పలచబడింది. పై నుంచి? ఇంచుమించు ముందున్నట్టే ఉంది! టీ అంతే ఉంది, అది పరుచుకున్న ఎత్తు మాత్రమే పెరిగింది.

ఉపగ్రహం పై నుంచి చూసే మనిషి. నేల మీది ఒక చదరపు సెంటీమీటరు మీద నిలబెట్టిన గాలి స్తంభంలో మొత్తం ఎన్ని అణువులున్నాయో అది చెబుతుంది. ఆ అణువులు నేలకు దగ్గరగా ముసిరి ఉన్నాయా, పైకి పరుచుకున్నాయా అనేది దానికి నేరుగా తెలియదు. మన ముక్కుకు కావలసింది మాత్రం ఆ సంగతే!

అయినా ఈ పటాలు చాలా విలువైనవి. బొగ్గుపులుసు వాయువు ఏళ్ళ తరబడి గాలిలో ఉండి లోకమంతా కలిసిపోతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ పగటి ఎండలో కొన్ని గంటల్లోనే రూపు మారిపోతుంది. అందుకే పుట్టినచోటు విడిచి దూరం పోలేదు. పటంలో మచ్చ కనిపించిందంటే దాని పుట్టిల్లు దగ్గర్లోనే ఉందన్నమాట. ఉత్తరాదిన సింగ్రౌలి విద్యుత్ కేంద్రాల మీద ఇటువంటి పెద్ద మచ్చ ఉంటుంది. 2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టి వాహనాలు ఆగిపోయినప్పుడు ఢిల్లీ, బొంబాయిల మీది మచ్చలు బాగా పలచబడ్డాయి.

మబ్బు పడితే ఉపగ్రహానికి కింది గాలి కనపడదు. ఆ లెక్కన వాన లేదని మనం బాధపడే సీమ ఆకాశం శాస్త్రజ్ఞులకు వరమే. అయితే నేల రంగుతో చిక్కుంది. కర్నూలు వైపు నల్లరేగడి వెలుగును తక్కువగా తిప్పి పంపుతుంది. ఏ నేల ఎంత వెలుగు తిప్పుతుందో ముందే తెలియకపోతే లెక్క తప్పుతుంది.

ఇంకో తమాషా. నెలల తరబడి ఎండిన చేలలో తొలకరి పడగానే, నిద్రపోతున్న సూక్ష్మజీవులు లేచి, మట్టిలో పోగుపడిన నత్రజని పదార్థాలను నైట్రిక్ ఆక్సైడ్‌గా వదులుతాయి. ఆఫ్రికాలో సాహెల్ అనే మెట్ట ప్రాంతం మీద ఉపగ్రహాలు దీన్ని పట్టుకున్నాయి. కాబట్టి జూన్ పటంలో పొలాల మీద మచ్చ కనిపించగానే ఫ్యాక్టరీని తిట్టడానికి లేదు.

మళ్ళీ మన టీ గ్లాసు దగ్గరికి వద్దాం. మే నెల మధ్యాహ్నం నేల కాగి, గాలి రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా కలియబెట్టుకుంటుంది. అది నీళ్ళు పోసి నింపిన గ్లాసు. డిసెంబరు ఉదయం ఏడింటికి చల్లగాలి నేలకు అతుక్కుని ఉంటుంది. కింద వదిలిన పొగ అక్కడే నిలిచిపోతుంది. అది సగం గ్లాసు. మీరు సంచీ తగిలించుకుని బడికి నడిచేది ఆ వేళకే. సెంటినెల్ మీ తల మీదికి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనం అయిపోయి ఉంటుంది. ఆ ఏడు గంటల గాలి లెక్క కావాలంటే మీ ఊళ్ళోనే, నేల మీద, ఒక యంత్రం ఉండాల్సిందే.