సైకిల్ వచ్చింది సరే, రోడ్డు వచ్చిందా?

సందర్భం

2025 జూలైలో కరీంనగర్ లోక్‌సభ నియోజకవర్గంలో ప్రభుత్వ బడుల పదో తరగతి విద్యార్థులకు సైకిళ్ల పంపిణీ మొదలైంది. బడి దూరమైన పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఇది పెద్ద ఆసరా. అయితే పడిపోకుండా తొక్కడం ఒక విద్య, బండ్ల మధ్య తొక్కడం మరో విద్య. మొదటిది పిల్లలు వాకిట్లో వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారు. రెండోది పెద్దలు నేర్పాల్సిందే.

చట్టం ఏమంటోంది?

- మోటారు వాహనాల చట్టం–1988, సెక్షన్ 2(28) ప్రకారం యంత్రశక్తితో నడిచేదే మోటారు వాహనం. అందుకే సైకిల్‌కు లైసెన్సు లేదు, దానికి ముందుండే పరీక్షా లేదు.
- 2019 సవరణతో చేరిన సెక్షన్ 138(1ఏ) యంత్రరహిత వాహనాలు, పాదచారుల రాకపోకలపై నిబంధనలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది.

మన దారుల్లో ముప్పు

- కరీంనగర్ మీదుగా రాజీవ్ రహదారి, ఆదిలాబాద్ మీదుగా 44వ జాతీయ రహదారి (పాత 7) వెళ్తాయి. రెండింటిపైనా లారీల రద్దీ ఎక్కువ.
- కోతల కాలంలో రోడ్డుపై ఆరబోసిన వడ్ల మీద టైరు జారుతుంది. కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు చీకట్లో కనిపించవు.
- ఆదిలాబాద్‌లో పొగమంచు పట్టే చలికాలపు పొద్దుల్లోనే పత్తి బండ్లు మార్కెట్‌కు వస్తాయి.

నేర్పే క్రమం

1. బడి మైదానం: భుజం మీదుగా వెనక్కి చూసినా, ఒక చేయి వదిలినా గీత తప్పకుండా పోవాలి. రెండు బ్రేకులూ కలిపి పట్టాలి.
2. ఊరి గల్లీ: ఎడమ పక్కనే పోవడం, మలుపుకు ముందే చేయి చాచడం, చౌరస్తాలో ఆగి చూడడం.
3. రోడ్డు: కొన్నాళ్లు పెద్దలు తోడుండాలి. ఆగిన లారీకి ఎడమ పక్కన దూరకూడదు, అక్కడున్న పిల్ల డ్రైవర్‌కు కనిపించదు.

గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను ఏమరితే సైకిల్ దాదాపు 5.5 మీటర్లు ముందుకు పోతుంది.

బయలుదేరే ముందు బ్రేకులు, గాలి, గంట, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్ చూడాలి. చున్నీ చైన్‌లో పడకుండా ముడేయాలి. తలకు హెల్మెట్ ఉంటే మేలు.

ఇతర దేశాల్లో

బ్రిటన్‌లో 2007లో మొదలైన ‘బైకెబిలిటీ’ శిక్షణకూ మూడు మెట్లే: మైదానం, రద్దీ లేని వీధి, రద్దీ రోడ్డు. నెదర్లాండ్స్‌లో ప్రాథమిక బడి పిల్లలకు ట్రాఫిక్ పరీక్ష ఉంటుంది.

గుర్తుంచుకోండి

- ప్రపంచ సైకిల్ దినోత్సవం: జూన్ 3 (ఐరాస ప్రకటన 2018).
- రహదారి భద్రతా కార్యాచరణ దశాబ్దం: 2021–2030. లక్ష్యం: మరణాలు, గాయాలు సగానికి తగ్గించడం.

ముగింపు

మైదానం, వ్యాయామ ఉపాధ్యాయుడు, ఆటల పీరియడ్ ఉన్న బడికి ఈ పాఠం భారం కాదు. సైకిల్ తాళంచెవి పిల్ల చేతికిచ్చే ముందే ఈ మూడు మెట్లూ ఎక్కించాలి.